పువ్వు లేని నెల ఉండొద్దు: తేనెటీగలు, పంటల వైవిధ్యంపై పాలమూరు, నల్లగొండ రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో చెల్క, రేగడి భూములు సాగు చేసే రైతులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులు వేరువేరుగా ఉన్నా అన్నింటి వెనక ఉన్న మాట ఒక్కటే. మీ పొలంలోనో, గెట్టు మీదనో ప్రతి నెలా ఏదో ఒకటి పూస్తూ ఉండాలి.

మాది పత్తి, వరి. తేనెటీగలతో మాకేం పని?

వరి గింజ కట్టడానికి తేనెటీగ అక్కర్లేదు. మక్క, సజ్జ, జొన్నలకు గాలి చాలు. పత్తి పువ్వు చాలావరకు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, ఈగలు తిరిగితే కాయ ఇంకొంచెం మెరుగ్గా వస్తుంది. ఇంతవరకే చూస్తే మీ ప్రశ్న సరైనదే.

కానీ ఏ ఇంటికీ పత్తి, వరి మాత్రమే పంట కాదు. పెరట్లో బీర తీగ, చెల్కలో కంది, యాసంగిలో నువ్వులు, బాయి దగ్గర దోస, గట్టున మామిడి ఉంటాయి. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో దాదాపు 75 శాతం ఎంతో కొంత పురుగుల, పక్షుల పరాగ సంపర్కం మీద ఆధారపడతాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. కూరగాయలు, పండ్లు, నూనె గింజలు ఎక్కువగా ఆ జాబితాలోనివే.

ఇంకో సంగతి. తేనెటీగ కోసం పెంచిన పువ్వు మీదే అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టే చిన్న కందిరీగ కూడా బతుకుతాయి. పత్తిలో పేనుబంకను, వరిలో దోమను తినేవి ఇవే. అంటే పత్తి, వరి రైతుకు లాభం నేరుగా కాయలో కాకపోయినా మందు ఖర్చులో కనిపిస్తుంది.

పువ్వుకు పుప్పొడి అంటించడం అంత పెద్ద పనా?

గద్వాల వైపు సీడ్ పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం పెంచే పత్తి చేలు చూసినవాళ్లు ఈ ప్రశ్న అడగరు. సాయంత్రం మొగ్గను విప్పి పుప్పొడి ఉండే భాగం తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఒక్కో ఆడ పువ్వుకు రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. హైబ్రిడ్ విత్తనానికి ఏ మగ మొక్క పుప్పొడి తగలాలో లెక్క ఉంటుంది కాబట్టి అక్కడ మనిషి చెయ్యి తప్పదు. అయితే ఒక చేను పూలన్నింటినీ చేత్తో ముట్టాలంటే ఎందరు కూలీలు, ఎన్ని వారాలు కావాలో ఆ చేలను చూస్తే తెలుస్తుంది. మిగతా పంటల్లో ఆ పనిని ఈగలు కూలి అడగకుండా చేస్తున్నాయి.

తేనెటీగలంటే పెట్టెల్లో పెంచేవేనా?

కాదు. ఎక్కువమందికి తెలియనిది ఇదే. లోకంలో తేనెటీగ జాతులు 20,000కు పైగా ఉన్నాయి. వాటిలో తేనె దాచేవి కొన్నే.

మన దగ్గర పెద్ద మర్రికి, నీళ్ల ట్యాంకుకు, గుట్ట బండకు బారెడు పట్టు పెట్టేది పెద్ద తేనెటీగ. ఇది కాలాన్ని బట్టి ఊళ్లు మారుతుంది. రేగు కంపకు, దానిమ్మ కొమ్మకు అరచేయంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. చెట్టు తొర్రలో, పుట్టలో వరుసగా పట్లు కట్టేది పుట్ట తేనెటీగ, మన పెట్టెల్లో పెంచే నాటు రకం ఇదే. బయటి నుంచి వచ్చిన ఇటాలియన్ ఈగ వేరు. గోడ సందుల్లో, చెట్టు బెజ్జాల్లో ఉండే కుట్టని చిట్టి ఈగలు కూడా ఉన్నాయి.

వీటికి తోడు ఒంటరిగా బతికే ఈగలు ఎన్నో. నల్లగా మెరిసే తుమ్మెద ఎండిన కట్టెకు, వెదురుకు బెజ్జం వేసి పిల్లలను పెడుతుంది. కంది ఆకును గుండ్రంగా కత్తిరించుకుపోయేది ఆకుకోత ఈగ. దాన్ని చూసి పురుగు పట్టిందని మందు కొట్టేవాళ్లున్నారు, అది మాత్రం చెయ్యకండి. కంది పువ్వుకు దానికంటే మంచి చుట్టం లేదు. ఒంటరి ఈగల్లో చాలా జాతులు నేలలోనే గూడు పెడతాయి. దున్నని గెట్టు, గట్టిపడ్డ ఎర్రమన్ను వాటికి ఇల్లు. టమాటా, వంగ పువ్వులు వణికిస్తేనే పుప్పొడి బాగా రాలుస్తాయి. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెద, నీలి చారల ఈగ పువ్వును పట్టుకుని జుమ్మని వణికిస్తాయి. తంగేడు పువ్వు కూడా అంతే.

మా చిన్నప్పుడు ఉన్నన్ని ఇప్పుడు లేవు. కారణమేంటి? సెల్ టవర్లేనా?

టవర్ల మీద నింద బలంగా నిరూపణ కాలేదు. మూడు కారణాలు మాత్రం కళ్ల ముందున్నాయి.

మొదటిది తిండి లేకపోవడం. ఆముదం, కంది, జొన్న, నువ్వులు, కుసుమ, ఒడిసలు కలిసి పెరిగిన చెల్కల్లో ఇప్పుడు చూపు ఆనినంత దూరం పత్తే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఈ మార్పు వేగం పెరిగింది. ఎత్తిపోతల నీళ్లు, బోర్లు వచ్చిన చోట వరి పరుచుకుంది. పత్తి పూత అయిపోయాక, వరి కోతల తర్వాత ఈగకు మైళ్ల దూరం ఏమీ దొరకదు. చిన్న ఈగలు కొన్ని వందల మీటర్ల కంటే దూరం వెళ్లలేవు.

రెండోది మందులు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ వంటి పురుగు మందులు మొక్క లోపలికి పాకి పుప్పొడిలోకి, తేనెలోకి కూడా వస్తాయి. యూరప్ దేశాలు 2018లో ఈ రెండింటినీ, క్లోథియానిడిన్‌ను బయటి పొలాల్లో వాడకుండా ఆపేశాయి. ఫిప్రోనిల్ కూడా తేనెటీగకు విషమే.

మూడోది గూడు పోవడం. గెట్టు చెక్కేస్తున్నాం, కంచె చెట్లు కొట్టేస్తున్నాం, మిగిలిన గడ్డిపువ్వుకు గడ్డి మందు కొడుతున్నాం. గడ్డి మందు తేనెటీగను నేరుగా చంపకపోయినా దాని కంచాన్ని లాగేస్తుంది. నా దృష్టిలో మన జిల్లాల్లో జరిగిన పెద్ద నష్టం ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పరాగ సంపర్కం సరిగ్గా జరగలేదని ఎలా తెలుస్తుంది?

దోస, సొర ఒక పక్క ఉబ్బి మరో పక్క సన్నబడి వంకర తిరిగితే, పిందె పసుపు రంగుకు మారి రాలిపోతే, పుచ్చకాయ అడ్డదిడ్డంగా పెరిగితే మొదట పుప్పొడి చాలలేదేమో చూడండి. ఈ తీగల్లో మగ పువ్వు, ఆడ పువ్వు వేరు. ఈగ రాకపోతే కాయ లేదు. పొద్దుతిరుగుడు గింజలో తాలు ఎక్కువైనా అదే అనుమానం. ఈగలు తక్కువగా ఉన్నప్పుడు పూత దశలో రెండు వారాలు, రోజు విడిచి రోజు, ఉదయం 8 నుంచి 11 గంటల మధ్య పల్చటి గుడ్డతో పువ్వు తలలను మెల్లగా రుద్దమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. పని చేస్తుంది, కానీ అదీ కూలీ పనే.

అయితే నీటి ఎద్దడి, బోరాన్ లోపం, పండు ఈగ వల్ల కూడా కాయ వంకర పోతుంది, పిందె రాలుతుంది. అందుకే పొద్దున పూట చేనులో పది నిమిషాలు నిలబడి పువ్వుల మీద ఏమేం వాలుతున్నాయో లెక్కపెట్టండి. ఏమీ వాలకపోతే సంగతి అర్థమైనట్టే.

అంటే పత్తి మానేయాలా?

అక్కర్లేదు. మార్కెట్ లేని పంట మొత్తం చేనులో వేయమని చెప్పడం న్యాయం కాదు. సాళ్లతో మొదలుపెట్టండి. నాలుగు లేదా ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది పాత పద్ధతే, వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేసేది కూడా. వానలు ముందే ఆగిపోయి పత్తి దెబ్బతిన్నా లోతు వేరున్న కంది నిలబడి ఇంటికి పప్పు ఇస్తుంది. జొన్నలో అయితే రెండు సాళ్లకు ఒకటి కంది. పల్లిలో ఏడు సాళ్లకు ఒకటి కంది లేదా ఆముదం. ఆముదం లద్దె పురుగును తన ఆకు మీదికి లాక్కుంటుంది, గుడ్ల సముదాయం కనిపించిన ఆకును తుంచి నలిపేస్తే పల్లి మీద మందు తగ్గుతుంది.

చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న లేదా సజ్జ వేస్తే పక్క చేనులోంచి ఎగిరొచ్చే రసం పీల్చే పురుగులకు అడ్డు. ఆ కంకి పుప్పొడిని తేనెటీగలు పొద్దున్నే వచ్చి తీసుకుపోతాయి. మధ్యలో అక్కడక్కడ బంతి, బొబ్బర్లు వేసుకోవచ్చు. బెండ మాత్రం పత్తిలో వద్దు, రెండింటికీ పురుగులు ఒకటే. కంది మీద వచ్చే కాయ తొలిచే శనగపచ్చ పురుగు పత్తినీ తింటుంది, అందుకే కంది పూత వేళ చేను తిరిగి చూడటం మానకూడదు. కలిపి వేస్తే పురుగే రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. వస్తుంది, కానీ దాన్ని తినేవీ వస్తాయి.

ఏ నెలలో ఏం పూయాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. పూత ఒక్క నెల తెగినా ఈగల గుంపు చిక్కిపోతుంది, లేదా ఊరు వదిలిపోతుంది. తర్వాత మీ కంది పూసేనాటికి రావడానికి ఎవరూ ఉండరు.

జనవరి, ఫిబ్రవరిల్లో మన దగ్గర కొరత లేదు. మామిడి, బత్తాయి, ధనియాలు, కుసుమ, పొద్దుతిరుగుడు, అనుములు, గుట్టల మీద మోదుగ పూస్తాయి. మార్చిలో యాసంగి నువ్వులు, వేప. ఏప్రిల్, మేలో పొలాలు ఎండిపోతాయి, అప్పుడు ఈగను బతికించేది చెట్లే. కానుగ ఏప్రిల్ ఎండలో విరగబూస్తుంది, చింత మే నుంచి అందుకుంటుంది. గెట్టున రెండు కానుగలు, ఒక చింత ఉన్న పొలానికి, ఏమీ లేని పొలానికి తేడా జూన్‌లో తెలుస్తుంది.

జూన్, జూలై అసలు కష్టకాలం. విత్తనం వేసి ఎదురుచూసే రోజులు, పువ్వు ఎక్కడా ఉండదు. మునగ ఉంటే మేలు. గెట్టు మీది గడ్డి చామంతి, తుమ్మి ఈ లోటు తీరుస్తాయి. పెసర నలభై రోజులకే పూతకొస్తుంది. పచ్చిరొట్ట కోసం వేసిన జనుములో ఒక మూల దున్నకుండా వదిలితే పసుపు పువ్వుల మీద తుమ్మెదలు ముసురుతాయి. జనుము విత్తనం కట్టాలంటే ఆ తుమ్మెదలే కావాలి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో జొన్న, ఆముదం పుప్పొడి, పత్తి పూత. బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు, బంతి, రేగు. ఆ పండగకు పూలు ఎక్కడి నుంచి వచ్చేవో గుర్తు చేసుకోండి. గెట్ల నుంచి, బీడు నుంచి, చెరువు కట్టల నుంచి. ఇప్పుడు తంగేడు కోసం ఊరు దాటి వెళ్లాల్సి వస్తోందంటే ఈగల తిండి కూడా అంత దూరం జరిగినట్టే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉలవ, కంది. నవంబరు దాటాక కుంకుడు పూస్తే చెట్టంతా ఈగల హోరే.

మీ పొలానికి ఇలాంటి లెక్క మీరే రాసుకోండి. ఖాళీగా మిగిలిన నెల ఏదో చూసి, ఆ నెలలో పూసే ఒక్క మొక్క ముందు పెట్టండి.

గెట్టు మీద గడ్డి వదిలితే పాములు, పురుగులు చేరవా?

నడిచే దారి, బోరు స్టార్టర్ చుట్టూ శుభ్రంగా ఉంచుకోండి. మిగతా గెట్టును ఒకేసారి కాకుండా సగం సగంగా కోయండి, మందు కొట్టకండి. వయ్యారిభామను మాత్రం పూతకు రాకముందే పీకేయాలి, అందులో మొహమాటం లేదు. పత్తిలో పిండినల్లి పట్టే తుత్తురు బెండ లాంటి కలుపును కూడా తీసేయండి. తుమ్మి, గడ్డి చామంతి, తంగేడు, గునుగు ఉండనివ్వండి.

వరి మడుల దగ్గర ఏం చేయగలం?

గెట్ల మీద కంది పెట్టడం మన పెద్దలకు తెలిసిందే. నువ్వులు, బంతి, బొబ్బర్లు కూడా పెట్టొచ్చు. వియత్నాం, థాయిలాండ్‌లలో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గెట్ల మీద నువ్వుల వంటి పూల మొక్కలు పెంచితే సుడిదోమను అదుపులో పెట్టే పరాన్నజీవులు పెరిగాయని చూపించారు. మిర్యాలగూడ ఆయకట్టులో దీన్ని ఎక్కువమంది చేసి చూడాలని నా కోరిక.

బత్తాయి, మామిడి తోటలున్నాయి. పూత మీద మందు తప్పదు కదా?

మామిడిలో తేనెమంచు పురుగుకు మొగ్గ పగిలే దశలో ఒకసారి, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక అవసరమైతే మరోసారి కొట్టండి. పూర్తిగా విచ్చుకున్న పూత మీద వద్దు. కొల్లాపూర్ మామిడికి కాయ పట్టేది తేనెటీగలతో పాటు ఈగజాతి పురుగుల వల్ల కూడా, అందుకే అక్కడ పూత మీద వాలే మామూలు ఈగలను కూడా శత్రువులు అనుకోవద్దు.

బత్తాయిలో చిక్కు ఎక్కువ. కొత్త చిగురు, పూత కలిసే వస్తాయి, చిగురు మీదికి పురుగు వస్తుంది. పువ్వు విచ్చకముందే చిగురును చూసి నిర్ణయం తీసుకోవాలి. లేత తోటల్లో మొదటి మూడు, నాలుగేళ్లు చెట్ల మధ్య పెసర, మినుము, బొబ్బర్లు, పల్లి వేసుకోవచ్చు. నేలకు నత్రజని, ఈగకు తిండి, మీకు చేతి ఖర్చు. పత్తి, మక్క అక్కడ వద్దు.

సీతాఫలం పువ్వు మీద తేనెటీగ వాలదు. మరి కాయ ఎలా పడుతోంది?

బాలానగర్ సీతాఫలం ఊరి పేరు మీదే రకంగా నిలిచింది, కాబట్టి పాలమూరు వాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. ఆ పువ్వు మొదట ఆడదిగా ఉండి తర్వాత మగదిగా మారుతుంది. దళసరి రేకుల మధ్యకు దూరి పుప్పొడి మోసేవి గింజంత కూడా లేని పెంకు పురుగులు. అవి రాలి కుళ్లిన పండ్లలో, చెట్టు కింది ఆకు చెత్తలో పెరుగుతాయి. తోట కింద అద్దంలా ఊడ్చి కాల్చేస్తే వాటిని కాల్చినట్టే. చెట్టు మొదట్లో ఆకు పరుపు ఉండనివ్వండి, తేమ కూడా నిలుస్తుంది. పురుగు పట్టిన కాయలు మాత్రం ఏరి పారేయాలి. కొద్ది చెట్లే ఉంటే కుంచెతో చేతి పరాగ సంపర్కం చేయొచ్చు, కాయ పట్టు, ఆకారం రెండూ మెరుగవుతాయి.

మందు కొట్టక తప్పనప్పుడు ఏం చూసుకోవాలి?

మొదట వేప గింజల కషాయం 5 శాతం, లింగాకర్షక బుట్టలు, పసుపు జిగురు అట్టలు వాడండి. రసాయనం తప్పదనుకుంటే పూత లేనప్పుడు కొట్టండి. పూత ఉంటే ఈగలు గూటికి చేరాక, సాయంత్రం పొద్దు వాలిన తర్వాత. బీర, సొర పువ్వులు సాయంత్రమే విచ్చుకుంటాయి, వాటి మీద రాత్రి తిరిగే రెక్కల పురుగులు వాలతాయి. కాబట్టి ఆ తీగలకు సాయంత్రం నియమం సరిపోదు, పువ్వులు ముడుచుకుని, ఈగల రాక తగ్గిన వేళ చూసి కొట్టాలి.

రెండు, మూడు మందులు ఒకే ట్యాంకులో కలపడం మానండి. దుకాణంలో "అన్నీ కలిపి ఒకేసారి" అని చెప్పే సలహా ఈగకూ చెడ్డది, మీ ఒంటికీ చెడ్డదే. డబ్బాలు బాయిలో, కాలువలో కడగొద్దు, ఈగలు ఆ నీళ్లే తాగుతాయి.

మేము జాగ్రత్త పడ్డా పక్క చేనువాళ్లు కొడితే?

నిజమైన బాధే. కొట్టే రోజు ముందుగా ఒక మాట చెప్పమని అడగండి. పెట్టెలుంటే ఆ సాయంత్రం గోనె సంచి తడిపి ద్వారం మీద కప్పి, తెల్లారి తీసేయొచ్చు. గాలి వీచే వైపు జొన్న లేదా సజ్జ సాళ్లు దట్టంగా ఉంటే తుంపర కొంత ఆగుతుంది. డ్రోన్‌తో కొట్టే చోట తుంపర ఇంకా దూరం పోతుంది కాబట్టి పది మంది రైతులు ఒకే పూట ఎంచుకోవడం మంచిది.

తేనె పెట్టెలు కొంటే సరిపోతుందా?

పువ్వు లేని చోట పెట్టె పెడితే ఈగలు పారిపోతాయి, లేదా చక్కెర పాకంతో మీరే మేపాలి. ముందు పూత, తర్వాత పెట్టె. పొద్దుతిరుగుడుకు ఎకరాకు రెండు పెట్టెలు చాలు. పూత మొదలయ్యాక పెట్టండి, ముందే పెడితే ఈగలు వేరే చోటికి అలవాటు పడతాయి. నీడ, దగ్గర్లో మంచి నీళ్లు, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు కావాలి. మైనపు పురుగు కోసం వారానికోసారి చూడాలి. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ కింద సాయం దొరుకుతుందేమో అడగండి, అయితే శిక్షణ తీసుకోకుండా పెట్టెలు తెచ్చుకోవద్దు.

చెట్టుకు పెద్ద పట్టు ఉంది. పిల్లలను కుడతాయని భయం. కాల్చేయాలా?

కాల్చొద్దు. కదిలించకపోతే, పొగ, రాయి తగలకపోతే అవి జోలికి రావు. పెద్ద తేనెటీగ పట్టు శాశ్వతం కాదు, పూత తగ్గాక వెళ్లిపోతుంది. బడి పక్కన, బావి మీద ఉంటే అనుభవం ఉన్నవాళ్లను పిలిచి రాత్రి పూట తీయించండి. పట్టులో ఈగ పిల్లలున్న భాగాన్ని వదిలి తేనె ఉన్న భాగం మాత్రం కోస్తే గుంపు బతుకుతుంది. నల్లమల చెంచులకు బాగా తెలిసిన పని ఇది. ఒకేసారి ఎన్నో ఈగలు కుట్టినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నేను కౌలు రైతును. చెట్లు పెట్టే హక్కు నాకెక్కడిది?

మీరు చేయగలిగింది ఒక పంటకాలంలోనే ఉంది. అంతర పంట సాలు, గెట్టున బంతి, బొబ్బర్లు, నువ్వులు, మందు వేళ. కానుగ, చింత గురించి భూమి యజమానిని అడిగి చూడండి. కాదంటే చెరువు కట్ట, బడి ఆవరణ, బండ్ల బాట పక్కన గ్రామ పంచాయతీ నాటే మొక్కల్లో కానుగ, కుంకుడు, చింత, నేరేడు ఉండాలని గ్రామసభలో అడగండి. ఆ మొక్కలు ఎవరి భూమిలో ఉన్నా ఈగలు మీ చేనుకే వస్తాయి.

ఫలితం ఎప్పటికి కనిపిస్తుంది?

తీగ కూరగాయల్లో అదే కాలంలో. మందు ఖర్చు తగ్గడం రెండు, మూడు కాలాలకు. నేలలో గూడు పెట్టే ఈగలు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది, ఎందుకంటే వాటిలో చాలావాటికి ఏడాదికి ఒకటే తరం. చెట్ల సంగతి మీకు తెలిసిందే. మొదటి ఏడాది ఎకరంలో మాత్రమే చేసి, పక్కనే మామూలుగా సాగు చేసిన ఎకరంతో ఖర్చు, దిగుబడి రెండూ పుస్తకంలో పోల్చి రాసుకోండి. ఇంకొకరి మాట కంటే ఆ లెక్క మీకు ధైర్యం ఇస్తుంది.

ఎవరిని అడగాలి?

మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని మొదట కలవండి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి, ఆముదం, జొన్నల గురించి అక్కడ అడగొచ్చు. వనపర్తి జిల్లా మదనాపురం, నల్లగొండ జిల్లా కంపాసాగర్, సూర్యాపేట జిల్లా గడ్డిపల్లిలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. వెళ్లేటప్పుడు మీ పువ్వుల మీద వాలిన పురుగుల ఫోటోలు, ఆ కాలంలో కొట్టిన మందుల పేర్లు, తేదీలు పట్టుకెళ్లండి. పచ్చిరొట్ట విత్తనం సబ్సిడీ మీద దొరుకుతున్నప్పుడు జనుము ఉందేమో అడిగి రెండు కిలోలైనా తెచ్చుకోండి.